ఇంటిల్లిపాదికీ ఒకటే పాఠం

కొత్త ఇల్లు, నాలుగో అంతస్తు
చేరిన నెల

పంతులమ్మ చెల్లికి,

ముందు ఇల్లు చూపిస్తాను, తరవాత కబుర్లు. రెండు గదులు, ఒక వంటగట్టు, స్నానాల గది తలుపుకి లోపల గడియ. శిబిరంలో గుడ్డ తెర తప్ప తలుపు ఎరగని మా పాప మొదటి రోజంతా ఆ గడియ వేస్తూ తీస్తూ గడిపింది. లిఫ్టు ఉంది. మెట్లెక్కిన ముసలాయనలా మూలుగుతూ వస్తుంది. కిటికీలోంచి చూస్తే కింద చెత్త డబ్బాలూ, ఒక సైకిళ్ళ షెడ్డూ కనిపిస్తాయి.

మీ బావకి పెద్ద దుకాణంలో దీపాలు మార్చే పని దొరికింది. కరెంటు పని తెలిసినవాడు కదా, అడగ్గానే ఇచ్చారు. నాకు ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని. వేడి రోలరులోంచి దుప్పటి బయటికి రాగానే ఇద్దరం చెరో వైపూ కొసలు పట్టుకుని మడవాలి. నా ఎదురుగా నిలబడే పొడుగాటావిడ ఇంకో దేశం మనిషి. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. అందుకే మా మధ్య ఇంతవరకూ ఒక్క తగువూ రాలేదు.

ముగ్గురం బాగున్నాం. రాత్రుళ్ళు బాగా నిద్రపడుతోంది. కడుపు నిండా తింటున్నాం. పాత విషయాలు గుర్తురావడం లేదు.

ఒకటే తలనొప్పి. వారం వారం ఒకావిడ వస్తుంది. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ ఇలా ఒకరిని పంపుతారట. నేను పలకరింపులావిడ అని పేరు పెట్టుకున్నాను. వచ్చి, చెప్పులు విప్పి, కుర్చీలో కూర్చుని, బల్ల మీద ఫోను పెడుతుంది. ఆవిడ మాట్లాడింది ఆ ఫోనులోంచి ఒక మగ గొంతు మన భాషలో చెబుతుంది. ఆ గొంతుకి మొహం లేదు, ఎవరి తాలూకో తెలియదు. 'నిద్ర పడుతోందా? దేనికైనా భయం వేస్తోందా? మనసెలా ఉంది?' అని అడుగుతారు. ముక్కూ మొహం తెలియని మనిషిని మనసెలా ఉందని ఎవరైనా అడుగుతారుటే? మన వీధిలో అలాగే తీయగా అడిగి వెళ్ళినావిడ వెనకాలే జీపు వచ్చింది. అన్నయ్య ఆ జీపెక్కాక మళ్ళీ కనిపించలేదు. అంత తొందరగా మరిచిపోతానా?

పైగా ఈవిడ ఏమీ రాసుకోదు. రాసుకునేవాళ్ళ పెన్ను ఎప్పుడు కదిలిందో చూసి మనం జాగ్రత్తపడొచ్చు. వట్టి చేతులతో కూర్చుని వినేవాళ్ళని ఏం చెయ్యాలి?

మీ ఫైలు ఇంకా వీళ్ళ చేతుల్లోనే ఉంది కనక నవ్వుతూ టీ ఇచ్చి పంపిస్తున్నాను. అమ్మా నువ్వూ వచ్చేదాకా ఈ ఇంట్లోంచి ఒక్క తేడా మాట బయటికి పోదు. అమ్మని దిగులు పడొద్దను.

అక్క


శిబిరం, రేకుల వరస
వానలు మొదలయ్యాక

అక్కా,

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. లిఫ్టు దగ్గర నవ్వింది, గడియ దగ్గర కళ్ళు తుడుచుకుంది. ఆ కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. అమ్మ నీళ్ళ వరసకి వెళ్ళినప్పుడు తీసి మళ్ళీ చదివాను. 

'బాగా నిద్రపడుతోంది. కడుపు నిండా తింటున్నాం. పాత విషయాలు గుర్తురావడం లేదు.' అక్కా, ఈ మూడు ముక్కలూ నేను రాసి మీకు నేర్పినవి. అదే వరసలో దింపావు. నీ ఇంటర్వ్యూకి ముందు నేను అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆఫీసరులా కూర్చుంటే, మీరు ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు వచ్చి అప్పజెప్పిన పాఠం అది. ఇంట్లో ఎవరి నోట మాట తేడా వచ్చినా, ఎవరి తల సరిగ్గా లేదని తెలిసినా, మొత్తం ఇంటి ఫైలు పక్కన పెట్టేస్తారని కదా ఇక్కడ అందరి భయం. ఇప్పటికీ మన వరసలోవాళ్ళు పాఠం దిద్దించుకోవడానికి నా దగ్గరికే వస్తున్నారు. మొన్న ఒక తాతగారు వచ్చారు. మామ్మగారి వయసు అడిగిన ప్రతిసారీ కాస్త తగ్గించి చెబుతారు. ఆవిడ పక్కనే కూర్చుని మురిసిపోతోంది. ఎన్నిసార్లు దిద్దినా లాభం లేకపోయింది.

నాకు మాత్రం పాఠం అప్పజెప్పకు. నేను నీ ఆఫీసరుని కాను. బావ ఎలా ఉన్నాడు? నిజంగా పనికి వెళుతున్నాడా? పాప అందరితో మాట్లాడుతోందా?

మేం బాగున్నాం.

చెల్లి


కొత్త ఇల్లు, నాలుగో అంతస్తు
ఆకులు రాలే రోజులు

చెల్లికి,

ఉత్తరాన్ని కూడా చిక్కుముడిలా విప్పి చూస్తావన్నమాట. ఆ శిబిరంలో ఉండి ఉండి నీకు అనుమానం ముదిరింది. బాగుంటే బాగున్నామనే కదా రాస్తారు, ఇంకేం రాస్తారు?

సరే, అడిగావు కనక చెబుతున్నాను. మీ బావ ఆ పని మానేశాడు. దుకాణంలో అడుగడుక్కీ కెమెరాలట, నిచ్చెన ఎక్కితే వీపు మీద ఎవరో చూస్తున్నట్టు ఉంటుందట. ఇంకోటి వెతుక్కుంటాడు. ఇప్పటికి ఇంట్లోనే చిన్నచిన్న పనులు చేస్తున్నాడు. స్విచ్చు బోర్డులన్నీ విప్పి లోపల వెతికి మళ్ళీ బిగించాడు. ముందు గది కప్పుకి ఒక గుండ్రటి తెల్ల డబ్బా ఉంది. అందులో ఎర్ర దీపం ఉండుండి మెరుస్తుంది. దానికి తన సాక్సు తొడిగాడు. 'పొగ వస్తే మోగే డబ్బా కదండీ, మీకు తెలియదా?' అన్నాను. 'తెలుసు. ఇలాంటివి నేనే ఎన్నో బిగించాను. అయినా ఉండనీ' అన్నాడు.

పలకరింపులావిడ వచ్చి తలెత్తి ఆ సాక్సు చూసింది. తరవాత నన్ను చూసింది. ఏమీ అనకుండా టీ తాగింది. ఏమన్నా అని ఉంటే నాకు ఇంత అనుమానం వచ్చేది కాదు. మీ బావ పనికి వెళ్ళాడని చెప్పాను. అతను లోపలి గదిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఇంకో సంగతి. ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు ఆవిడ సంచీ విప్పి చూశాను. తిట్టుకుంటే తిట్టుకో. ఒక గొడుగు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, తాళాలు ఉన్నాయి. మా గురించి ఒక్క కాగితం ముక్క లేదు. మా ఇంటికి మా గురించి ఏమీ లేకుండా వచ్చే మనిషిని ఎలా నమ్మమంటావు?

పాప సంగతి అడిగావు. నీ శిష్యురాలు నిన్ను మించిపోయింది. సాయంత్రం దీపం పెట్టగానే పాఠం చెప్పించుకుంటున్నాను. ఎవరడిగినా, బళ్ళో టీచరు అడిగినా, తడుముకోకుండా చెబుతోంది. 'బాగున్నాను. బాగా నిద్రపట్టింది. కడుపు నిండా తిన్నాను.' ఒక్క తప్పు మాట చెబితే పిన్నినీ అమ్మమ్మనీ రానివ్వరని చెప్పి ఉంచాను. అందుకే అంత శ్రద్ధ.

మీ ఫైలు ఎంతవరకు వచ్చింది? నా గురించి కాదు, అది రాయి ముందు.

అక్క


శిబిరం, రేకుల వరస
వానలు వెనకబట్టాక

అక్కా,

నీ ఉత్తరం అమ్మకి చదివేటప్పుడు సాక్సు దగ్గర ఆగి వేరే ఏదో కల్పించి చెప్పాను. ఇప్పుడు నువ్వు నా దగ్గరా, నేను అమ్మ దగ్గరా దాచుకుంటున్నాం.

నాకు భయంగా ఉంది. ఇక్కడ ట్యాంకు దగ్గర అది జరిగిన రోజుకి ముందు వారం కూడా బావ ఇలాగే ఉన్నాడు. గుర్తుందా, అప్పటి మన గుడారం తాళ్ళన్నీ విప్పి మళ్ళీ కట్టాడు, రాత్రీ పగలూ అదే పని. తరవాత నీళ్ళ ట్యాంకు ఎక్కి లోపలికి దూకాడు. నువ్వూ నేనూ అమ్మా చొక్కా పట్టుకుని లాగాం, అందరూ చుట్టూ చేరే లోపలే బయటికి తెచ్చాం. నిచ్చెన మెట్టు విరిగి పడ్డాడని చెప్పాం. నేనే ఆ వాక్యం కూర్చాను, అందరం బట్టీ పట్టాం, మీ ముగ్గురి ఇంటర్వ్యూలూ దాని మీదే గట్టెక్కాయి. నిచ్చెనకి ఏమీ కాలేదక్కా. ఇవాళ పొద్దున కూడా దాన్నే ఎక్కి ట్యాంకు కడిగారు.

బావ ఎందుకు ఎక్కాడో మనం ఎప్పుడైనా అడిగామా? పాఠం నేర్పే హడావుడిలో ఆ మాటే మరిచిపోయాం.

ఆవిడ మంచిదో చెడ్డదో నాకు తెలియదు. నీ అనుమానం తప్పని కూడా అనను, అన్నయ్య విషయం నాకూ గుర్తుంది. కానీ అంత దూరంలో బావ చొక్కా పట్టుకోవడానికి నేను లేను, అమ్మ లేదు. నువ్వు పనిలో ఉంటావు. ఇంట్లో ఉండేది పాప. ఎవరికైనా చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పు.

మా ఫైలు నడుస్తోంది. ఇంటర్వ్యూ దగ్గర పడిందంటున్నారు. మేం బాగున్నాం.

చెల్లి


కొత్త ఇల్లు, నాలుగో అంతస్తు
చలి మొదలు

చెల్లికి,

ఎవరు చెప్పారు?

ఇవాళ పలకరింపులావిడ వచ్చి కూర్చుని, ఫోను బల్ల మీద పెట్టి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా అడిగింది. 'శిబిరంలో నీళ్ళ ట్యాంకు దగ్గర జరిగింది నాతో మాట్లాడాలనిపిస్తే నేను వింటాను' అని ఆ గొంతు అంది. నిచ్చెన మెట్టు విరిగిందన్నాను. 'అలాగే' అంది. ఆ 'అలాగే' ఎలా అందో నీకు చెప్పలేను. నమ్మనివాళ్ళే అంత మెత్తగా అంటారు.

మీ బావ గది లోపలినుంచి మొత్తం విన్నాడు. ఆవిడ వెళ్ళాక బట్టల బీరువా ఈడ్చుకెళ్ళి తన గది తలుపుకి లోపల అడ్డం పెట్టుకున్నాడు. కంచం పట్టేంత సందు మాత్రం ఉంచాడు. నాతో మాట్లాడటం లేదు. నేనే చెప్పానని అనుకుంటున్నాడేమో.

ఆలోచించి ఆలోచించి తల పగిలిపోతోంది. అసలు సంగతి తెలిసింది మన ఇంట్లోవాళ్ళకే. కానీ పక్క గుడారంలో ఆ సన్నటావిడ ఉండేది, ఎప్పుడూ తెర సందులోంచి చూసేది. ఆవిడ ఫైలు మీ వెనకాలే ఉంది కదా, మన పేరు చెడితే తనది ముందుకు జరుగుతుందనుకుందేమో. లేకపోతే నీ దగ్గర పాఠం దిద్దించుకునేవాళ్ళలో ఎవరైనా నీ నోటినుంచి కూపీ లాగారా? ఈ ఫోను గొంతు మన వైపువాడే అయి ఉంటాడని కూడా నా అనుమానం. ఇవాళ దుప్పట్లు మడుస్తుంటే ఆ పొడుగాటావిడ నన్ను చూసి నవ్వింది. ఎందుకు నవ్విందా అని దారంతా ఆలోచించాను. ఇలా అయిపోయాను.

ఎవరో కనుక్కో. నువ్వు తెలివైనదానివి, నీకు ఇట్టే తెలుస్తుంది. ఎవరైతేనేం, వాళ్ళ నోరు పడిపోను.

అక్క


శిబిరం, రేకుల వరస
చలిలో

అక్కా,

పడిపోవలసిన నోరు నాదే.

సాక్సు సంగతి రాసిన నీ ఉత్తరం చదివాక నాకు కంటి మీద కునుకు లేదు. నువ్వు ఎవరికీ చెప్పవని తెలుసు. దానికి జవాబు రాసి నీకు పంపిన రోజే ఇక్కడి నర్సమ్మ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆ ఊళ్ళో మా బావ ఉన్నాడు, ఒకసారి ఇలా చేశాడు, మళ్ళీ చేస్తాడేమో, ఎవరినైనా ఒక కన్నేసి ఉంచమని చెప్పండమ్మా అని అడిగాను. ఆవిడ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. తరవాత మీ ఆఫీసుకి కబురు పంపింది. నీతో చెప్పకుండా చేశాను. చెబితే చెయ్యనివ్వవని చెప్పలేదు.

దాని ఫలితం మాకూ తగిలింది. మొన్న నన్నూ అమ్మనీ పిలిచారు. మీ ముగ్గురి ఇంటర్వ్యూ కాగితం ఒకటి, నర్సమ్మకి నేను చెప్పిన మాట ఒకటి, రెండూ పక్కపక్కన పెట్టారు. 'ఒకే ఇంట్లో రెండు కథలున్నాయే' అన్నాడు ఆఫీసరు. కోపంగా కూడా అనలేదు. ఏది నిజమో తేలేదాకా మా ఫైలు పక్కన పెట్టారు. ఊరందరికీ ఒక్క మాట తేడా రాకుండా నేర్పినదాన్ని, నా మాటతోనే మా ఫైలు ఆపుకున్నాను.

బావతో నువ్వు చెప్పలేదని చెప్పు. నేనే చెప్పానని చెప్పు. నన్ను ఎంత తిట్టుకున్నా సరే, ఆ బీరువా మాత్రం తలుపు దగ్గరనుంచి తీయించు.

చెల్లి


కొత్త ఇల్లు, నాలుగో అంతస్తు

శిబిరంలో ఉన్న మనిషికి,

అన్నయ్యని పట్టించింది పరాయిది. నువ్వు నా తోడబుట్టినదానివి.

నీకోసం, అమ్మకోసం ఇక్కడ నేను ఇంట్లో ఊపిరి కూడా కొలిచి వదులుతున్నాను. నవ్వు రాకపోయినా నవ్వాను. పసిపిల్ల చేత అబద్ధాలు చెప్పించాను. అంతా మీరిద్దరూ వస్తారని. నువ్వు ఒక్క పూటలో దాన్నంతా నర్సు చేతిలో పోసి వచ్చావు. ఇప్పుడు మీరు రారు. రేపు మమ్మల్నీ వెనక్కి పంపుతారేమో. చల్లగా ఉందా ప్రాణానికి?

ఇక నాకు రాయకు.


శిబిరం, రేకుల వరస
చలి తగ్గాక

అక్కా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను, చదవకుండా పడేసినా పడెయ్యి.

అమ్మకి మొత్తం చెప్పేశాను. 'పెద్దాడి విషయంలో మనం అందరం నోరు మూసుకునే ఉన్నాం కదే, వాడు దక్కాడా?' అంది. అంతే, లేచి గిన్నెలు కడుక్కోవడానికి వెళ్ళింది.

నేను నర్సమ్మకి చెప్పిన సంగతి ఇక్కడ పొక్కింది. పాఠం దిద్దించుకోవడానికి ఎవరూ రావడం లేదు. తాతగారూ మామ్మగారూ కూడా మా రేకుల గది ముందునుంచి తల తిప్పుకుని వెళుతున్నారు. నీళ్ళ వరసలో నేను నిలబడితే ముందున్నవాళ్ళ మాటలు ఆగిపోతాయి. వాళ్ళ మాటలు కూడా మోసుకెళతానని భయం. వాళ్ళని తప్పుపట్టలేను, నీ భయమే వాళ్ళదీ.

బావ ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాయి. తిట్టి రాసినా సరే. మేం బాగానే ఉన్నాం.

చెల్లి


కొత్త ఇల్లు, నాలుగో అంతస్తు
మళ్ళీ ఎండలు

నా చెల్లికి,

రాయొద్దన్నాను గానీ, పనినుంచి వస్తూ రోజూ కింద పోస్టు డబ్బా తీసి చూశాను. నీ ఉత్తరం వచ్చిన రోజున డబ్బా దగ్గరే నిలబడి చదివాను. జవాబు రాయడానికి పొగరు అడ్డొచ్చింది. నువ్వు చెప్పమన్నట్టే, చెప్పింది నువ్వని మీ బావకి తలుపు సందులోంచి చెప్పాను, బీరువా మాత్రం కదల్లేదు. ఇప్పుడు అన్నీ వరసగా చెబుతాను, కంగారుపడకు, అందరం బతికే ఉన్నాం.

పాప కొన్నాళ్ళుగా సరిగ్గా తినడం లేదు. బడినుంచి రాగానే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేది. 'ఎలా ఉందే?' అంటే, 'బాగున్నానమ్మా. బాగా నిద్రపట్టింది. కడుపు నిండా తిన్నాను' అనేది. ఎదురుగా కంచంలో తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. అయినా ఆ మాట విని నేను పనికి వెళ్ళిపోయేదాన్ని. నాకు వినాలని ఉన్నది అదే కనక విన్నాను.

ఆ రోజు పలకరింపులావిడ వచ్చే రోజు. పాపని ఎప్పటిలాగే జడ వేసి కుర్చీలో కూర్చోబెట్టాను. మొహం పాలిపోయి ఉంది, పై పెదవి మీద చెమట. ఆవిడ అడిగింది, ఫోను గొంతు చెప్పింది, పాప పాఠం మొత్తం అప్పజెప్పింది. ఆవిడ లేచి దాని నుదురు తాకింది. 'ఎండలో ఆడింది లెండి' అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తోంది.

అప్పుడు లోపల బీరువా జరిగిన చప్పుడైంది.

మీ బావ బయటికి వచ్చాడు. గడ్డం పెరిగి, బనీనుతో. ఇన్ని నెలల్లో ఆవిడ అతన్ని చూడటం అదే మొదలు. నేను పనికి వెళ్ళాడని చెబుతూ వచ్చిన మనిషి ఎదురుగా నిలబడ్డాడు. ఆవిడవైపు చూడకుండా ఫోనుని చూసి చెప్పాడు.

'అది అబద్ధం చెబుతోంది. మేమే నేర్పాం. రోజూ గోడ అవతల దాని మూలుగు వింటున్నాను. మీరు వస్తే నోరు మూసుకుంటోంది. ముందు దాన్ని చూడండి, నా సంగతి తరవాత.'

ఫోను గొంతు ఆ మాటని ఆవిడకి చెప్పే లోపలే పాపని ఎత్తుకున్నాడు. లిఫ్టు కోసం ఆగలేదు. బీరువా వెనక నెలల తరబడి కూర్చున్నవాడు కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా మెట్లన్నీ దిగాడు. పలకరింపులావిడ తాళాలు తీసుకుని వెనకాలే పరిగెత్తింది. ఆవిడ కారులోనే వెళ్ళాం.

ఆసుపత్రిలో డాక్టరు పాప కడుపు మీద నొక్కి ఎక్కడ నొప్పి అని అడిగాడు. అది డాక్టరుకి జవాబు చెప్పలేదు, నా మొహంలోకి చూసింది. ఏం చెప్పమంటావని చూసిందే! 'ఉన్నది ఉన్నట్టు చెప్పు తల్లీ' అన్నాను. అప్పుడు గుసగుసగా, 'చెబితే పిన్నినీ అమ్మమ్మనీ రానివ్వరు కదమ్మా' అంది.

ఇంకేం రాయను దాని గురించి.

పేగు వాచి చీము పట్టిందట. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారు. ఆపరేషను చేశారు, దక్కింది. తెలివి వచ్చిన దగ్గరనుంచి ఒకటే పేచీ. నొప్పి అంటుంది, దాహమంటుంది, సూది వద్దంటుంది, పక్క మంచంమీది పిల్లకి బొమ్మ ఉంది నాకెందుకు లేదంటుంది. వార్డంతా అదిరిపోయేలా ఏడుస్తుంది. నర్సులు విసుక్కుంటున్నారు గానీ మీ బావా నేనూ ఆ ఏడుపు వింటూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. మాకు మతి పోయిందనుకుని ఉంటారు.

పాపని లోపలికి తీసుకెళ్ళిన తరవాత బయట బెంచీ మీద మీ బావ పలకరింపులావిడకి అంతా చెప్పాడు. ట్యాంకు సంగతీ, దానికి ముందు సంగతీ. అన్నయ్య జీపు ఎక్కిన రోజున తను వీధి చివర స్తంభం మీద ఉన్నాడట, కరెంటు తీగ బాగు చేస్తూ. అంతా పైనుంచి చూశాడట. కేక వెయ్యలేదట, దిగలేదట. ఇన్నేళ్ళూ నాతో కూడా అనలేదు. నిచ్చెన ఎక్కితే వీపు మీద ఎవరో చూస్తున్నట్టు ఉంటుందన్నది అందుకట. చెబుతుంటే మధ్యలో ఫోను గొంతు ఆగిపోయింది. కాసేపయ్యాక, 'క్షమించాలి, ఒక్క నిమిషం ఇవ్వండి' అంది. ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది. అతను ఎవరి తాలూకో ఇప్పటికీ తెలియదు, ఇక అడగబుద్ధి కాలేదు.

చివర్లో ఆవిడ, 'ఇది రాయమంటారా? మీరు వద్దంటే రాయను' అంది. మీ బావ నావైపు తిరక్కుండానే, 'రాయండి. మా మరదలు చెప్పిందే నిజం. ఆమె మాటా మా మాటా ఒకటే కావాలి' అన్నాడు. జబ్బుందని ఎవరినీ వెనక్కి పంపరని ఆవిడ చెప్పింది. నేను నిచ్చెన గురించి చెప్పిన అబద్ధానికి మాత్రం కాగితం మీద వివరణ ఇచ్చుకోవాలట. ఇచ్చాను, సంతకం పెట్టాను.

ఇప్పుడు మీ బావ వారానికోసారి మనసు డాక్టరు దగ్గరికి వెళుతున్నాడు. మందులు వేసుకుంటున్నాడు. ఒకరోజు బాగుంటాడు, ఒకరోజు బీరువా వైపు చూస్తాడు. సాక్సు ఇంకా కప్పుకే ఉంది. తీసేద్దామా అంటే, 'ఇంకొన్నాళ్ళు ఉండనీ' అన్నాడు. పలకరింపులావిడని నేను పూర్తిగా నమ్మేశానని కూడా అనుకోకు. ఆవిడ వెళ్ళాక ఎటు తిరిగిందో కిటికీలోంచి ఇప్పటికీ చూస్తాను. చూసి, ఆవిడ తాగిన కప్పు కడిగి పెడతాను.

నీ నోరు పడిపోవాలన్నాను. ఆ మాట ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియడం లేదు. నువ్వు చెప్పకపోతే ఆవిడ మా గడప అంతలా పట్టుకుని ఉండేది కాదు, మీ బావ బీరువా వెనకాలే ఉండిపోయేవాడు, పాప ఏమయ్యేదో. నువ్వు మమ్మల్ని పట్టించలేదు, పట్టుకున్నావు.

ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. నువ్వెలా ఉన్నావు? నీ ప్రతి ఉత్తరం చివరా 'మేం బాగున్నాం' అనే ఉంది. ఆ పాఠం కూర్చిందానివి నువ్వే కనక నీకు మా అందరికన్నా బాగా వచ్చు.

అక్క


శిబిరం, రేకుల వరస
ఎండలు ముదిరాక

అక్కా,

మమ్మల్ని మళ్ళీ పిలిచారు. మీ దగ్గరనుంచి వచ్చిన కాగితం ఆఫీసరు ముందే ఉంది. నన్ను ఒక గదిలో, అమ్మని ఒక గదిలో అడిగారు. నేను అమ్మకి ఏమీ నేర్పలేదు. ఆవిడ తన ధోరణిలో, ముందుది వెనకా వెనకది ముందూ చెప్పిందట, మధ్యలో అల్లుడి చొక్కా రంగు గురించి చాలాసేపు మాట్లాడిందట. నేను చెప్పినదానితో ఒక్క వాక్యం కూడా కలవలేదు. అయినా రెండూ ఒకటేనన్నారు. ఇన్నాళ్ళూ ఇంతమంది చేత ఏం బట్టీ పట్టించానా అనిపించింది.

ఫైలు కదిలింది. వానలకి ముందే బయల్దేరతామంటున్నారు. అమ్మ అప్పుడే మూటలు కడుతోంది, విప్పుతోంది, మళ్ళీ కడుతోంది. పాప ఏడుపు సంగతి చదివితే పొంగిపోయి వరసలో అందరికీ చెప్పుకొచ్చింది. బావ స్తంభం సంగతి విని మాత్రం పడుకుండిపోయింది. సాయంత్రం లేచి, 'దిగి ఉంటే వాణ్ణీ ఆ జీపులో ఎక్కించుకునేవాళ్ళు. అక్కడికి వెళ్ళాక ఈ మాట నేనే చెబుతాను వాడితో' అంది.

నువ్వెలా ఉన్నావని అడిగావు. చెబుతాను.

బాగాలేనక్కా. నాతో ఎవరూ మాట్లాడరు. మూటలు కట్టే అమ్మ మీద ఊరికే అరుస్తున్నాను, తరవాత వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటున్నాను. నర్సమ్మకి చెప్పిన రోజునుంచి ఒకటే అనుకుంటూ వచ్చాను, ఫైలు కదిలితే చాలు, సంతోషంతో గంతులేస్తానని. కదిలిందని చెప్పినప్పుడు గంతు కాదు కదా, నవ్వు కూడా రాలేదు. నాకు అక్కడికి రావాలంటే భయంగా ఉంది. ఆ మూలిగే లిఫ్టంటే భయం, మొహం లేని ఆ గొంతంటే భయం, ఎవరైనా మెత్తగా అడిగితే నేనేం చెప్పేస్తానో అని భయం. అన్నిటికన్నా నీ ఎదురుగా నిలబడాలంటే భయం. ఈ మాట అమ్మకి కూడా చెప్పలేదు.

నేను గుమ్మంలోకి రాగానే ఎలా ఉన్నావని అడగకు. తలుపు వేసి, నన్ను కాసేపు గట్టిగా ఏడవనివ్వు.

చెల్లి